రోహిణి జాతకం: ఒక చుక్కను కొలిచి, దాని వర్గం తేల్చే పద్ధతి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మే 25 ప్రాంతంలో మొదలై రెండు వారాలు సాగే ఆ కార్తె ఎండ గురించి మనకు ఒకరు చెప్పక్కర్లేదు. అయితే ఆ పేరున్న చుక్కకూ ఆ ఎండకూ ఏ సంబంధమూ లేదు. ఆ రోజుల్లో సూర్యుడు ఆకాశంలో రోహిణి ఉన్న వైపు ఉంటాడు, అంతే. చుక్క పగటి వెలుగులో మునిగిపోయి అసలు కనబడనే కనబడదు. తమాషా ఏమిటంటే, రోహిణి ఉపరితలం సూర్యుడి ఉపరితలం కంటే దాదాపు 1,900 డిగ్రీలు చల్లన.

ఎక్కడో 67 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నదానికి థర్మామీటర్ పెట్టింది ఎవరు? ఎవరూ పెట్టలేదు. మన దగ్గరికి వచ్చి పడే పిసరంత వెలుగును రకరకాలుగా విడదీసి, లెక్క కట్టి చెప్పిన మాట అది. చుక్కలను బట్టి మనుషుల జాతకాలు రాయడం మనకు అలవాటే. ఇక్కడ చుక్క జాతకమే రాద్దాం. రోహిణినే తీసుకుని ప్రకాశం, దూరం, ఉష్ణోగ్రత, వర్గం, పరిమాణం, బరువు ఒక్కొక్కటిగా తేలుద్దాం. కొన్ని మెట్లు మీరు మేడ మీద నిలబడి ఎక్కేయొచ్చు. కొన్నింటికి మాత్రం ఉపగ్రహాలు కొలిచిన అంకెలు అరువు తెచ్చుకోవాలి.

ఒక్క సంగతి ముందే చెబుతాను. ఇది గొలుసు లెక్క. దూరం తప్పితే అసలు కాంతి తప్పుతుంది, అది తప్పితే పరిమాణం తప్పుతుంది. అందుకని ప్రతి మెట్టు దగ్గరా "ఈ అంకె ఎంతవరకు నమ్మొచ్చు" అని అడుగుతూ వెళ్ళాలి.

ముందు చుక్కను పట్టుకోండి

జనవరి నడుమ రాత్రి 9 గంటల ప్రాంతంలో తల పైకెత్తండి. వరసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. మా వైపు పెద్దవాళ్ళు గొల్లకావిడి అనేవారు. ఆ మూడింటి మీదుగా గీత గీసి ఒకవైపు పొడిగిస్తే ఆకాశంలోకెల్లా ప్రకాశవంతమైన సిరియస్, అంటే మృగవ్యాధుడు. రెండోవైపు పొడిగిస్తే నారింజ రంగు చుక్క ఒకటి. అదే రోహిణి. ఇంకాస్త ముందుకు వెళ్తే పిల్లలకోడి, అదే కృత్తికలు.

మనకు ఇందులో ఒక అదృష్టం ఉంది. రోహిణి ఖగోళ అక్షాంశం పదహారున్నర డిగ్రీలు. విజయవాడ అక్షాంశమూ పదహారున్నరే. కాబట్టి బెజవాడలో రోహిణి సరిగ్గా నడినెత్తి మీదుగా దాటుతుంది. హైదరాబాద్‌లో అయితే ఒక్క డిగ్రీ అటుగా. ఇది ఎందుకు ముఖ్యమో వెంటనే తెలుస్తుంది.

మొదటి మెట్టు: కంటికి కనబడే ప్రకాశం

ప్రకాశాన్ని మాగ్నిట్యూడ్‌లలో చెబుతారు. ఎంసెట్ ర్యాంకు లాంటిది అనుకోండి: అంకె ఎంత చిన్నదైతే చుక్క అంత గొప్పది. ప్రాచీన గ్రీకులు చుక్కలను ఒకటి నుంచి ఆరు వరకు శ్రేణులుగా పంచారు. ఆ అలవాటుకు లెక్క కట్టినవాడు నార్మన్ పాగ్సన్. అయిదు మాగ్నిట్యూడ్‌ల తేడా అంటే వెలుగులో సరిగ్గా 100 రెట్ల తేడా అని 1856లో ప్రతిపాదించాడు. అంటే ఒక్కో మెట్టుకు 2.512 రెట్లు. ఆ పాగ్సనే 1861లో మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి, 1891లో చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు. ప్రపంచమంతా వాడే కొలబద్ద తయారుచేసినవాడు ముప్పై ఏళ్ళు మన పక్కనే ఉన్నాడన్నమాట.

కొలవడం ఎప్పుడూ పోలికతోనే. ప్రకాశం ముందే తెలిసిన చుక్కను పక్కన పెట్టుకుని, దానికంటే ఎన్ని రెట్లో చూస్తారు. ఇంట్లో చేయాలంటే ట్రైపాడ్, మాన్యువల్ సెట్టింగులున్న కెమెరా చాలు. పద్ధతి ఇది.

పోలిక చుక్కగా పొలక్స్‌ను ఎంచుకోండి, మన పునర్వసులో ఉంటుంది. దాని మాగ్నిట్యూడ్ 1.14, రంగు కూడా రోహిణికి కొంత దగ్గరే. కెమెరాను రా ఫార్మాట్‌లో పెట్టండి. జేపెగ్ వద్దు, అది వెలుగును తనకు నచ్చినట్టు సర్దేస్తుంది. ఫోకస్‌ను కావాలనే కొంచెం చెదరగొట్టండి, చుక్క చిన్న బిళ్ళలా కనబడాలి. రెండు చుక్కలనూ ఒకే ఎక్స్‌పోజర్‌తో పది పది ఫొటోలు తీయండి. తర్వాత ఏదైనా ఉచిత ఫొటోమెట్రీ (వెలుగు కొలిచే) సాఫ్ట్‌వేర్‌లో చుక్క చుట్టూ వృత్తం గీసి, లోపలి పిక్సెళ్ళలో పడిన మొత్తం వెలుగు కూడండి. దాని బయట ఇంకో వలయం గీసి ఖాళీ ఆకాశపు వెలుగు ఎంతో చూసి, ఆ మేరకు తీసేయండి. మిగిలింది చుక్క సొంత వెలుగు.

ఫోకస్ చెదరగొట్టమన్నానని ఆశ్చర్యపోకండి. నేను మొదటిసారి బొమ్మ సూదిమొనలా రావాలని పట్టుబట్టి గంటన్నర కష్టపడ్డాను. తీరా చూస్తే నడిమి పిక్సెళ్ళన్నీ నిండిపోయి పొర్లిపోయాయి. నిండిన బిందెలో ఇంకెన్ని నీళ్ళు పోసినా కొలత అదే చూపిస్తుంది కదా. రోహిణీ పొలక్సూ ఒకే ప్రకాశమని లెక్క తేలింది! వెలుగును ఎక్కువ పిక్సెళ్ళ మీద పరిస్తే ఆ బాధ ఉండదు.

రోహిణి వెలుగు పొలక్స్ కంటే 1.3 రెట్లు వచ్చిందనుకుందాం. 1.3కి లాగరిథమ్ తీసి 2.5తో గుణిస్తే 0.28. దాన్ని 1.14లోంచి తీసేస్తే 0.86. పుస్తకాల్లో ఉండే విలువ ఇదే. మీకు 0.8, 0.95 మధ్య ఏది వచ్చినా బాగా చేసినట్టే. రోహిణి కూడా కొద్దిగా మారుతూ ఉంటుంది.

ఇప్పుడు నడినెత్తి సంగతి. చుక్క నెత్తిన ఉన్నప్పుడు మన గాలి పొర దాని వెలుగులో 0.2 నుంచి 0.3 మాగ్నిట్యూడ్ మేర మింగేస్తుంది. దిగంతం దగ్గరికి వాలేకొద్దీ వెలుగు దాటాల్సిన గాలి మందం పెరిగి, మింగడం ఎన్నో రెట్లవుతుంది. నీలం ఎక్కువ పోతుంది కాబట్టి చుక్క ఎర్రబడుతుంది కూడా. అందుకే రెండు చుక్కలూ ఎత్తుగా, ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్న వేళ చూసుకుని కొలవాలి. రోహిణి కొంచెం పడమరకు వాలి, పొలక్స్ తూర్పు నుంచి పైకి వచ్చిన సమయం సరిగ్గా సరిపోతుంది.

రెండో మెట్టు: దూరం

మొత్తం వ్యవహారంలో కష్టమైన మెట్టు ఇదే. చేయి చాచి బొటనవేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూయండి. వేలు వెనక గోడ మీద పక్కకు జరిగినట్టుంటుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఆరు నెలల తేడాతో చూస్తే దగ్గరి చుక్క కూడా దూరపు చుక్కల మీద అలాగే జరగాలి. ఈ జరుగుడులో సగాన్ని పారలాక్స్ అంటారు. 1838లో జర్మన్ ఖగోళవేత్త బెసెల్ 61 సిగ్నీ అనే చుక్క విషయంలో దీన్ని మొదట నమ్మదగినట్టు కొలిచాడు.

రోహిణికి ఏ ఆరు నెలలు? జూన్ మొదట్లో అది సూర్యుడి దగ్గర ఉంటుంది, డిసెంబరు మొదట్లో సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఆ రెండు వేళలూ పనికిరావు. జరుగుడు ఎక్కువగా కనిపించేది సూర్యుడికి పక్కవాటుగా, 90 డిగ్రీల దూరంలో ఉన్నప్పుడు. అంటే మార్చి మొదట్లో సాయంత్రం, సెప్టెంబరు మొదట్లో తెల్లవారుజామున.

ఎంత జరుగుతుంది? పారలాక్స్ 0.0489 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). పది రూపాయల బిళ్ళను దాదాపు 110 కిలోమీటర్ల దూరంలో పెడితే ఎంత కోణంలో కనిపిస్తుందో అంత. గాలి కదలికలకే చుక్క బొమ్మ అంతకు ఎన్నో రెట్లు వణుకుతుంది కాబట్టి ఇది మేడ మీద అయ్యే పని కాదు. 1989లో యూరప్ వాళ్ళు పంపిన హిప్పార్కస్ ఉపగ్రహం గాలి పైనుంచి లక్షకు పైగా చుక్కలకు ఈ పని చేసింది. 2013లో వెళ్ళిన గయా దాదాపు 150 కోట్ల చుక్కలకు చేసింది. గయా జాబితా అందరికీ ఉచితంగా దొరుకుతుంది. అయితే కంటికి బాగా మెరిసే చుక్కలు గయాకు మితిమీరిన వెలుగు. అందుకని రోహిణికి ఇప్పటికీ హిప్పార్కస్ అంకే గతి.

లెక్క తేలిక. ఒకటిని పారలాక్స్‌తో భాగిస్తే పార్‌సెక్‌లు వస్తాయి: 20.4. దాన్ని 3.26తో గుణిస్తే 66.6 కాంతి సంవత్సరాలు. ఈ రాత్రి మీ కంట్లో పడే వెలుగు, ఇంట్లో 67 ఏళ్ళ తాతయ్య ఉంటే ఆయన పుట్టినప్పుడు బయలుదేరిందన్నమాట. చాలా పుస్తకాల్లో 65 అని ఉంటుంది, గాబరా పడకండి. హిప్పార్కస్ తొలి జాబితా 1997లో ఇచ్చిన పారలాక్స్ 0.0501. 2007లో అవే కొలతలను మళ్ళీ శుద్ధి చేస్తే 0.0489 వచ్చింది. తేడా అదే.

ఈ మెట్టు ఎక్కకపోతే ఎలా మోసపోతామో రోహిణి దగ్గరే కనిపిస్తుంది. దాని చుట్టూ హైయడీస్ అనే చుక్కల గుంపు ఉంది. కంటికి రోహిణి ఆ గుంపుకు పెద్దన్నలా కనిపిస్తుంది. కానీ గుంపు ఉన్నది 150 కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలో. రోహిణి దారిలో అడ్డంగా నిలబడ్డ పరాయి చుక్క.

మూడో మెట్టు: అసలు కాంతి

దూరం తెలిశాక ఇది చిటికెలో పని. అన్ని చుక్కలనూ 10 పార్‌సెక్‌ల దూరంలో వరసగా నిలబెట్టినట్టు ఊహించుకుని పోలుస్తారు. అలా నిలబెడితే రోహిణి మాగ్నిట్యూడ్ −0.7, సూర్యుడిది 4.83. తేడా 5.5, అంటే కంటికి కనిపించే వెలుగులో రోహిణి 160 సూర్యుళ్ళ పెట్టు.

కానీ ఇక్కడితో ఆగితే సగం కథే. రోహిణి ఎక్కువ భాగం వెలుగును కంటికి కనిపించని పరారుణంలో చిమ్ముతుంది. అన్ని తరంగదైర్ఘ్యాల్లోనూ కొలిచి కూడితే మొత్తం 430 సూర్యుళ్ళ దాకా తేలుతుంది. ఒట్టి కంటిని నమ్ముకుంటే సగానికి పైగా ఆస్తి లెక్కలోకి రాకుండా పోతుంది.

నాలుగో మెట్టు: రంగును బట్టి వేడి

కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, తర్వాత పసుపుకు తిరిగి, చివరికి తెల్లబడుతుంది. చుక్కలదీ అదే తీరు. ఎరుపు చల్లన, నీలం వేడి. మన ఇంటి కుళాయి రంగులకు సరిగ్గా తిరకాసు.

రంగును అంకెగా మార్చడానికి ఒకే చుక్కను రెండు ఫిల్టర్లలోంచి కొలుస్తారు. నీలం ఫిల్టర్‌ను బి అనీ, పసుపు-ఆకుపచ్చ ఫిల్టర్‌ను వి అనీ అంటారు. రెండు మాగ్నిట్యూడ్‌ల తేడా బి−వి. ఎరుపు పెరిగేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది. సూర్యుడికి 0.65, రోహిణికి 1.54.

దీన్నుంచి ఉష్ణోగ్రత రాబట్టే ఒక సులువు సూత్రం ఉంది. బి−విని 0.92తో గుణించండి: రోహిణికి 1.417. దీనికి ఒకసారి 1.7, ఇంకోసారి 0.62 కలపండి: 3.117, 2.037. రెండింటి వ్యుత్క్రమాలు 0.321, 0.491. కూడితే 0.812. దాన్ని 4,600తో గుణిస్తే 3,735 కెల్విన్. సూర్యుడికి ఇదే లెక్క వేస్తే 5,780 వస్తుంది, అసలు విలువకు దాదాపు అతికినట్టే. రోహిణి అసలు ఉష్ణోగ్రత 3,900 దగ్గర. అంటే మన సూత్రం 150 డిగ్రీలకు పైగా తక్కువ చూపించింది. తప్పు సూత్రానిది కాదు. అది చుక్కను నున్నటి కొలిమిగా ఊహించుకుంటుంది, రోహిణి వెలుగులోనేమో లెక్కలేనన్ని నల్ల గీతలు నీలం భాగాన్ని కొరికేస్తున్నాయి.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. చుక్కల మధ్య దుమ్ము నీలాన్ని చెదరగొట్టి చుక్కను లేని ఎరుపుగా చూపిస్తుంది. 67 కాంతి సంవత్సరాలకు ఆ బెడద అంతగా లేదు. వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న చుక్కను మాత్రం రంగు చూసి "చల్లన" అనేయకూడదు. మరేం చూసి చెప్పాలి? గీతలు చూసి.

అయిదో మెట్టు: వర్ణపటం

అసలు జాతకచక్రం ఇది. చుక్క వెలుగును గ్రేటింగ్ (అతి సన్నటి గీతలు దగ్గరదగ్గరగా చెక్కిన బిళ్ళ) గుండా పంపితే రంగుల పట్టీ పరుచుకుంటుంది, దాని మీద అడ్డంగా నల్లటి గీతలుంటాయి. చుక్క పై పొరలో ఉన్న ఒక్కో మూలకం తనకు సరిపడే రంగును మింగేసిన గుర్తులవి. టెలిస్కోప్‌కు బిగించే చిన్న గ్రేటింగ్ బిళ్ళలు దొరుకుతాయి, వాటితో ముందు సిరియస్‌ను చూడండి. హైడ్రోజన్ గీతలు లావుగా, ఎడం ఎడంగా, చూడగానే కనబడతాయి. తర్వాత రోహిణి వైపు తిప్పండి. హైడ్రోజన్ వెలవెలబోయి ఉంటుంది, బదులుగా లోహాల గీతలు వెంట్రుకల్లా కిక్కిరిసి ఉంటాయి. సోడియం, కాల్షియం గీతలు బలంగా ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు సిరియస్ పట్టీ శుభ్రంగా దువ్విన జుట్టులా, రోహిణిది చిక్కుపడ్డ జడలా అనిపించింది.

మన నేలకు ఈ గీతలతో పాత పరిచయమే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చి సూర్యుడి అంచు జ్వాలల వర్ణపటం చూశాడు. ఆ ఏడాది సూర్యుడి జ్వాలల్లో కనిపించిన పసుపు గీత సోడియంది కాదని తర్వాత తేలింది. భూమ్మీద అప్పటికి ఎవరికీ తెలియని మూలకం అది, హీలియం.

మరి సిరియస్‌లో హైడ్రోజన్ ఎక్కువ, రోహిణిలో తక్కువ అన్నమాటేనా? అందరూ మొదట అలాగే అనుకున్నారు. హార్వర్డ్ అబ్జర్వేటరీలో విలియమీనా ఫ్లెమింగ్ హైడ్రోజన్ గీతల బలాన్ని బట్టి ఇంగ్లీషు అక్షరాల వరసలో తరగతులు పెట్టింది. తర్వాత ఆనీ జంప్ కానన్ అక్కర్లేనివి తీసేసి, 1901 నాటికి మిగిలినవాటిని ఓ, బి, ఏ, ఎఫ్, జి, కె, ఎం అనే క్రమంలో పేర్చింది. ఒక్కో అక్షరాన్ని 0 నుంచి 9 వరకు చిన్న మెట్లుగా విడగొట్టింది. ఆమె జీవితకాలంలో వర్గం తేల్చిన చుక్కలు మూడున్నర లక్షల దాకా ఉంటాయి.

ఆ క్రమం వేడి క్రమమని గట్టిగా నిరూపించింది మేఘనాథ్ సాహా, 1920లో. ఆయన సమీకరణం సారాంశం ఇది: ఒక మూలకం గీత కనబడాలంటే అది ఉంటే చాలదు, దాని పరమాణువులు సరైన స్థితిలో ఉండాలి. హైడ్రోజన్ కంటికి కనిపించే గీతలు గీయాలంటే దాని ఎలక్ట్రాన్ రెండో శక్తి మెట్టు మీద ఉండాలి. రోహిణి లాంటి చల్లటి చుక్కలో దాదాపు అన్నీ కింది మెట్టు మీదే కూర్చుంటాయి. మరీ వేడి చుక్కలో ఎలక్ట్రాన్లు పూర్తిగా ఊడిపోతాయి. 10,000 డిగ్రీల దగ్గర ఆట రసవత్తరంగా ఉంటుంది, సిరియస్ ఉన్నది అక్కడే. దీన్ని ఆధారం చేసుకుని 1925లో సిసీలియా పేన్ లెక్కలు వేసి, చుక్కలన్నిటిలోనూ ప్రధానంగా ఉన్నది హైడ్రోజనేనని చూపించింది. పెద్దలు నమ్మలేదు. అప్పటి పేరున్న ఖగోళవేత్త హెన్రీ రస్సెల్ మాట మీద "ఈ ఫలితం బహుశా నిజం కాకపోవచ్చు" అన్న అర్థంలో తన సిద్ధాంతవ్యాసంలో రాసుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్ళకు ఆ రస్సెలే ఆమె చెప్పింది నిజమని ఒప్పుకున్నాడు.

అక్షరాల క్రమం గుర్తుండడానికి ఇంగ్లీషులో ఏవో వాక్యాలున్నాయి. మా ఇంట్లో పిల్లలకు నేను నేర్పింది: "ఓ బావా, అక్క ఫోన్ గంటకోసారి కొడుతోంది, మాట్లాడు!" ఓ తరగతి 30,000 డిగ్రీల పైన. బి 10,000 వరకు దిగుతుంది, ఏ 7,500 వరకు, ఎఫ్ 6,000 వరకు, జి 5,200 వరకు, కె 3,700 వరకు. అంతకంటే చల్లనివి ఎం.

వర్గం తేల్చేటప్పుడు లెక్కల కంటే ముందు కళ్ళు పనిచేయాలి. ప్రామాణిక చుక్కల పట్టీలను పైనా కిందా పెట్టుకుని, మీ పట్టీ ఏ రెండింటి మధ్య ఇమిడిపోతుందో చూడాలి. హైడ్రోజన్ చిక్కి, కాల్షియం బలిసి, టైటానియం ఆక్సైడ్ పట్టీలు ఇంకా పూర్తిగా తలెత్తని చోట రోహిణి కుదురుతుంది. కె5.

ఇదే పట్టీలోంచి ఇంకోటి ఉచితంగా వస్తుంది. గీతలు ఉండాల్సిన చోటు నుంచి ఎరుపు వైపు కొద్దిగా జరిగి ఉంటాయి. 656.28 నానోమీటర్ల దగ్గర ఉండాల్సిన హైడ్రోజన్ గీత 0.12 మేర జరిగింది. రోహిణి సెకనుకు 54 కిలోమీటర్ల వేగంతో మన నుంచి దూరంగా వెళ్తోందని దానర్థం.

ఆరో మెట్టు: పెద్దదా, చిన్నదా?

కె5 అంటే వేడి తెలిసింది. కానీ కె5 చుక్కల్లో సూర్యుడికంటే చిన్నవీ ఉన్నాయి, వందల రెట్లు వెలిగేవీ ఉన్నాయి. దీన్ని కూడా గీతలే చెబుతాయి. చిన్న చుక్క ఉపరితలం మీద ఒత్తిడి ఎక్కువ, పరమాణువులు ఒకదాన్నొకటి గుద్దుకుని గీతలు మందంగా అవుతాయి. ఉబ్బిన చుక్కలో వాయువు పలచన కాబట్టి గీతలు సన్నగా, పదునుగా ఉంటాయి. ఇది ముందుగా కనిపెట్టి నమోదు చేసింది హార్వర్డ్‌లోని ఆంటోనియా మౌరీ. 1943లో మోర్గన్, కీనన్, కెల్‌మన్ దీన్ని అయిదు తరగతులుగా స్థిరపరిచారు. 1 మహా దిగ్గజం, 3 దిగ్గజం, 5 మామూలు చుక్క. 2, 4 మధ్యస్థాలు. సూర్యుడు జి2, తరగతి 5. రోహిణి కె5, తరగతి 3.

రోహిణి లాంటి చల్లటి చుక్కలకు ఇంకో చక్కటి పద్ధతి ఉంది, దానికి హైదరాబాద్ వాసన ఉంది. కాల్షియం నల్ల గీత నడుమ సన్నటి వెలుగు చార ఒకటి ఉంటుంది. ఆ చార ఎంత వెడల్పైతే చుక్క అసలు కాంతి అంత ఎక్కువ. 1957లో ఓలిన్ విల్సన్, వైణు బప్పు కలిసి దీన్ని ప్రకటించారు. బప్పు హైదరాబాద్‌లో పెరిగినవాడు, నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన తండ్రి వెంట టెలిస్కోపులు చూస్తూ పెరిగాడు. దూరం తెలియకుండా, ఒట్టి చార వెడల్పుతో చుక్క కాంతి చెప్పడం మామూలు విషయం కాదు. నా లెక్కలో ఈ మొత్తం శాస్త్రంలోకెల్లా అందమైన కిటుకు ఇదే.

ఏడో మెట్టు: పరిమాణం, చంద్రుడి సాయంతో

ఒక దారి లెక్కది. చుక్క మొత్తం కాంతి దాని వ్యాసార్థం వర్గం, ఉష్ణోగ్రత నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది. రోహిణి ఉష్ణోగ్రత సూర్యుడిలో 0.676 వంతు. దాని నాలుగో ఘాతం 0.21. అంటే రోహిణి ఒక్కో చదరపు మీటరు సూర్యుడిలో అయిదో వంతే వెలుగుతుంది. అయినా మొత్తం 430 సూర్యుళ్ళంటే ఒళ్ళు ఎంత పెద్దదై ఉండాలి? 430ని 0.21తో భాగించి వర్గమూలం తీస్తే దాదాపు 45. సూర్యుడికి 45 రెట్లు.

రెండో దారి చంద్రుడిది. దక్షుడి ఇరవై ఏడుగురు కూతుళ్ళలో చంద్రుడు రోహిణిని మాత్రమే ప్రేమించాడని కథ. ఆకాశంలో కూడా చంద్రుడు రోహిణి మీదుగా వెళ్ళి దాన్ని పూర్తిగా కప్పేస్తుంటాడు. మరీ మెరిసే చుక్కల్లో ఆయన దారిలో పడేవి నాలుగే: రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ. 2015 నుంచి 2018 వరకు రోహిణికి ఇలాంటి గ్రహణాలు వరసగా జరిగాయి, మళ్ళీ వరస 2033లో మొదలవుతుంది.

చంద్రుడి అంచు చుక్క మీదుగా సెకనుకు అర ఆర్క్ సెకను చొప్పున జరుగుతుంది. చుక్క నిజంగా బిందువే అయితే వెలుగు ఠక్కున ఆరిపోవాలి. రోహిణి మాత్రం సెకనులో పాతికో వంతు సేపు తగ్గుతూ తగ్గుతూ ఆరుతుంది. కంటికి తెలియదు గానీ, సెకనుకు వందల సార్లు వెలుగును నమోదు చేసే పరికరానికి తెలుస్తుంది. ఆ తగ్గే తీరును బట్టి చుక్క బిళ్ళ వెడల్పు 0.0206 ఆర్క్ సెకన్లని తేల్చారు. దాన్ని 20.4 పార్‌సెక్‌లతో గుణిస్తే వ్యాసం 0.42, వ్యాసార్థం 0.21. ఇవి భూమికీ సూర్యుడికీ మధ్య దూరంతో పోల్చిన అంకెలు. సూర్యుడి వ్యాసార్థాల్లో 45. రెండు దారులూ ఒకేచోట కలిశాయి. సూర్యుడి స్థానంలో రోహిణిని కూర్చోబెడితే బుధుడి దారిలో సగానికి పైగా నిండిపోతుంది.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. 3,900 అనే ఉష్ణోగ్రతను చాలాసార్లు ఈ బిళ్ళ వెడల్పు నుంచే వెనక్కి లెక్కగడతారు. అప్పుడు రెండు దారులూ కలవడం పెద్ద గొప్ప కాదు. వర్ణపటం గీతలతో విడిగా తేల్చిన ఉష్ణోగ్రత కూడా అక్కడికే వస్తోంది కాబట్టి ధైర్యం.

ఎనిమిదో మెట్టు: బరువు, ఇక్కడ రోహిణి మొండికేస్తుంది

చుక్క బరువు తూచడానికి త్రాసు ఒక్కటే, గురుత్వాకర్షణ. పక్కన ఇంకో చుక్క తిరుగుతుండాలి. కాబట్టి కాసేపు సిరియస్ దగ్గరికి వెళ్దాం. అది తిన్నగా కాకుండా వంకరటింకరగా నడుస్తోందని చూసి, కనబడని తోడు ఉందని 1844లో బెసెల్ చెప్పాడు. 1862లో ఆల్వన్ గ్రాహమ్ క్లార్క్ కంట్లో అది పడింది. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి 50.1 ఏళ్ళకోసారి తిరుగుతాయి. వాటి సగటు ఎడం 7.5 ఆర్క్ సెకన్లు. సిరియస్ దూరం 2.64 పార్‌సెక్‌లు, గుణిస్తే భూమి-సూర్యుల దూరానికి 19.8 రెట్లు. కెప్లర్ నియమం ప్రకారం ఎడం ఘనాన్ని కాలం వర్గంతో భాగించండి: 7,762ను 2,510తో భాగిస్తే 3.1. రెండూ కలిపి మూడు సూర్యుల బరువు. ఉమ్మడి కేంద్రం చుట్టూ ఎవరు ఎంత ఊగుతున్నారో చూస్తే పెద్దది 2, చిన్నది 1 అని పంపకం తేలుతుంది. ఆ చిన్నది సూర్యుడంత బరువుండి భూమంత సైజులో ఉంటుంది. శ్వేత కుబ్జం.

రోహిణికి అలా బరువు తూచిపెట్టే జోడీ చుక్క లేదు. మామూలు చుక్కలకైతే కాంతిని బట్టి బరువు అంచనా వేసే సూత్రం ఉంది గానీ, ఉబ్బిన దిగ్గజాలకు అది పనికిరాదు. మిగిలింది చుక్క ఒళ్ళు గంటలా మోగడాన్ని వినడం. ఉపరితలం పైకీ కిందకీ ఊగే వేళల్ని బట్టి లోపలి సాంద్రత తెలుస్తుంది. పరిమాణం ముందే తెలుసు కాబట్టి బరువు వస్తుంది. అలా 2018లో వచ్చిన అంచనా సూర్యుడికి 1.16 రెట్లు. అంత పెద్ద శరీరం, బరువు చూస్తే మన సూర్యుడికంటే కాస్తే ఎక్కువ! వయసు 600 కోట్ల ఏళ్ళ పైమాటని కూడా ఆ లెక్కలోనే తేలింది. పక్కన కనిపించే హైయడీస్ గుంపు వయసు 60 కోట్ల ఏళ్ళ పైచిలుకు మాత్రమే. రోహిణి దాని పెద్దన్న కాదని ఇక్కడ రెండోసారి రుజువైంది.

ఇప్పుడు ఆర్ద్రను మీరే ప్రయత్నించండి

గొల్లకావిడికి ఉత్తరాన, కాస్త తూర్పుకు జరిగి మెరిసే ఎర్ర చుక్క ఆర్ద్ర. రంగు, వర్గం సునాయాసంగా వస్తాయి: ఎం తరగతి, మహా దిగ్గజం. దూరం దగ్గర మాత్రం ఇరుక్కుంటారు. దాని పారలాక్స్ 0.006 ఆర్క్ సెకన్ల చుట్టుపక్కల ఉంటే, బిళ్ళ వెడల్పు 0.04కు పైన. జరగాల్సిన దూరం కంటే చుక్క ఏడు రెట్లు లావు. దాని ముఖం మీద వేడి మచ్చలు మారినప్పుడల్లా వెలుగు కేంద్రమే అటూఇటూ జరుగుతుంది. అందుకే 500 కాంతి సంవత్సరాలు అన్నవాళ్ళూ ఉన్నారు, 700 అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ తేడాకే అసలు కాంతి దాదాపు రెట్టింపవుతుంది.

ప్రకాశం మాత్రం కెమెరా కూడా లేకుండా కొలవొచ్చు. మామూలుగా 0.5 దగ్గర ఉండే ఆర్ద్ర 2020 ఫిబ్రవరిలో 1.6కు పడిపోయింది. అది వదిలిన దుమ్ము మేఘం దానికే అడ్డమొచ్చింది. ఆ నెలలో ఎవరు తలెత్తి చూసినా ఆర్ద్ర రోహిణి కంటే మసకగా ఉన్నట్టు తెలిసేది. రెండూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్నప్పుడు మార్చి మార్చి చూడండి. ఎర్ర చుక్కను కన్నార్పకుండా తదేకంగా చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ వెలుగు కనిపిస్తుంది, కాబట్టి చూపు చటుక్కున తిప్పేయాలి. ఆర్ద్ర రోహిణికి సమానంగా అనిపిస్తే 0.9 అని, కాస్త ఎక్కువైతే 0.7 అని, తేదీ, టైము వేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. వారానికి ఒకసారి చాలు, మేలో ఆ రెండూ సాయంత్రపు వెలుగులో కలిసిపోయేదాకా.